నాకూ వినిపిస్తోంది

మార్చి 3, సోమవారం

మిషను: ఇంటి కంప్యూటర్.
ఫిర్యాదు: లోపల చప్పుడు.
కారణం: చూడాలి.

మిల్లులో ముప్ఫై నాలుగేళ్లు ఇలాగే రాశాను. రిటైరైన రోజున స్టోర్స్ గుమాస్తా రెండు ఖాళీ మరమ్మతు పుస్తకాలు చేతిలో పెట్టి, "అలవాటు ప్రాణం కదా, ఉంచుకోండి" అన్నాడు. రెండేళ్లు అటక మీద పడున్నాయి. ఇవాళ ఒకటి దించి దుమ్ము దులిపాను. మా ఆవిడ కంటపడకూడదు కాబట్టి నా పనిముట్ల పెట్టెలో పట్టకార్ల కింద దాస్తాను. ఆ పెట్టె జోలికి ఆవిడ రాదు, ఆవిడ కత్తెరల జోలికి నేను వెళ్లను. ముప్ఫై ఏళ్ల ఒప్పందం ఇది.

జరిగింది ఇది. పొద్దున టీ తాగుతున్నాను. ఆవిడ ముందు గదిలోంచి వచ్చి సరిగ్గా నా ఎదురుగా నిలబడి, "ఏమండీ, కంప్యూటర్‌లోంచి ఏదో చప్పుడొస్తోంది. మీకు వినిపించడం లేదా?" అంది.

ఆ 'లేదా' దగ్గర కనుబొమలు పైకి లేచాయి. నాకు ఒళ్లు మండింది. స్పిన్నింగ్ మిల్లులో ఎనభై మిషన్లు ఒక్కసారిగా తిరుగుతుంటే, నడవలో నడుస్తూ నడుస్తూ ఏ బేరింగు అరిగిందో చెప్పినవాణ్ణి. మిల్లంతా నన్ను డాక్టరు అనేవాళ్లు. అలాంటివాణ్ణి పట్టుకుని వినిపించడం లేదా అని!

"నాలుగు రోజుల్నించీ వింటున్నా. నీకు ఎప్పుడు వినిపిస్తుందా అని చూస్తున్నా" అన్నాను.

ఆవిడ ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. "నాలుగు రోజుల్నించా?"

"అయిదు."

ఇందులో అబద్ధమేమీ లేదు. ఇల్లన్నాక ఏదో ఒక చప్పుడు ఉంటూనే ఉంటుంది.

మార్చి 4, మంగళవారం

కంప్యూటర్ ముందు పావుగంట కూర్చున్నాను. చప్పుడు ఉంది. సన్నగా ఉంది. అంటే, ఉండాలి.

ఆ కంప్యూటర్ ఇప్పుడు మామూలు వస్తువు కాదు. ఆవిడ శిక్షణ కేంద్రంలో ఇరవయ్యారేళ్లు కుట్టుపని నేర్పింది. మూడేళ్ల నుంచి ఆ విద్యంతా పుస్తకంగా రాస్తోంది. పసిపిల్లల చొక్కా మొదలుకుని పెద్దవాళ్ల కోటు దాకా నూట నలభై నమూనాలు. ఒక్కోదానికీ బొమ్మ, కొలతలు, ఎక్కడ కత్తిరించాలో చుక్కల గీత. యాభై ఏడో ఏట మౌసు పట్టడం నేర్చుకుని మరీ గీసింది. అచ్చువేసే ఆయన నెలాఖరుకి ఇమ్మన్నాడు. అదంతా ఆ డబ్బాలోనే ఉంది. అందుకే ఎవరినీ ముట్టుకోనివ్వదు. నన్ను ముట్టుకోనిచ్చింది అంటే చప్పుడు గట్టిదే అయ్యుంటుంది.

టేబుల్ ఊగుతుంటే దాని కాలి కింద ఒక కార్డు నాలుగు మడతలు పెట్టి దూర్చాను. నా కళ్లజోడు డబ్బాలో ఆవిడ ఏవేవో డాక్టర్ల కార్డులు పెడుతూ ఉంటుంది. మొత్తానికి ఒకటి పనికొచ్చింది.

"గోడకున్న మీ పొడుగు స్క్రూడ్రైవర్ దించి వినొచ్చుగా?" అంది ఆవిడ.

ఆ స్క్రూడ్రైవరే నా స్టెతస్కోపు. మొన మిషను మీద ఆనించి, చెక్క పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెడితే లోపలి గుట్టంతా తెలిసిపోతుంది. ఈ ఊళ్లో సగం బేరింగుల జాతకాలు దానితోనే చెప్పాను.

"అది పెద్ద మిషన్లకి. ఇలాంటి సున్నితమైన వాటికి పనికిరాదు" అన్నాను.

స్క్రూడ్రైవర్ సంగతి మరోసారి రాస్తాను.

మార్చి 5, బుధవారం

ఒక మాట రాసి పెట్టుకోవాలి. మిల్లువాళ్లం చెవులతో వినం, కళ్లతో వింటాం. ఆ హోరులో పక్కవాడు అరిచినా వినపడదు. పెదాలు చూసి మాట పట్టుకోవాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఆవిడకేమో పని చేసుకుంటూ గుండుసూదులు పెదాల మధ్య బిగించి మాట్లాడే అలవాటు. అవతలికి తిరిగి, నోటినిండా సూదులు పెట్టుకుని మాట్లాడితే ఆ మాట ఎవరికి అర్థమవుతుంది? తప్పు నాదా, సూదులదా?

ఏదైతేనేం, ఈమధ్య మాటలు బాగా తగ్గించింది. వయసుతో నెమ్మది వచ్చినట్టుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. టీవీయే మరీ నెమ్మదైపోయింది. దాని స్పీకరు కూడా ఒకసారి విప్పి చూడాలి.

మార్చి 6, గురువారం

బావమరిది ఊడిపడ్డాడు. వీధి చివర ఫోటో స్టూడియో వాడిదే. మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వాడు రావడానికి కారణం అక్కర్లేదు గానీ, ఇవాళ కారణం చెప్పుకుంటూ వచ్చాడు.

"ఏంటి బావా, కంప్యూటర్‌లో ఏదో చప్పుడట? ఎలా ఉంటుంది?"

నేనేం అమాయకుణ్ణా? "ముందు నువ్వు చెప్పు. నేను చెబితే నువ్వూ అదే అంటావు" అన్నాను.

వాడు డబ్బా పక్కన గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, "కీచుమంటోంది బావా" అన్నాడు.

"కాదురా, టకటకమంటోంది" అంది ఆవిడ.

ఇద్దరూ నా వైపు చూశారు. తీర్పు చెప్పాల్సినవాణ్ణి నేనే. "ఇద్దరూ సగం సగం విన్నారు. ముందు కీచు, వెనకాల టక" అన్నాను.

వాడు పెదవి కొరుక్కున్నాడు. వాళ్లక్క గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్తున్నప్పుడు ఆవిడ భుజాలు కదిలాయి. పాపం, పుస్తకం గురించి దిగులు పడుతున్నట్టుంది.

మార్చి 7, శుక్రవారం

డబ్బా విప్పాను. లోపల దూదిలా దుమ్ము, ఎర్ర దారం ఒక మూర, దర్జీ సుద్దముక్క ఒకటి, గుండుసూదులు మూడు. సూదులు అందులోకి ఎలా వెళ్లాయని అడిగితే "గాలికి" అంది. కొండను తవ్వి ఎలుకను పట్టానంటారా? అననివ్వండి, ఎలుకైతే దొరికింది.

కారణం: ఫ్యాను రెక్కకి గుండుసూది తగలడం.
సరిచేయబడింది.

సంతకం కూడా పెట్టాను.

మార్చి 8, శనివారం

"చప్పుడు తగ్గలేదండీ" అంది.

"నేనూ అదే చెబుదామనుకుంటున్నా" అన్నాను.

నిన్నటి సంతకం కొట్టేశాను.

మార్చి 10, సోమవారం

పని పద్ధతిగా చెయ్యాలని ఇవాళ పరిశీలన పెట్టాను. మిల్లులో తిక్క మిషనుకి ఇలాగే చేసేవాళ్లం. ఇద్దరు కూర్చోవాలి, చప్పుడు వచ్చినప్పుడల్లా టైము రాసుకోవాలి, చివర్లో రెండు కాగితాలూ పోల్చి చూడాలి. ఆవిడ స్టూడెంటు ఇంటికి వెళ్లింది. నేనూ, బావమరిదీ కూర్చున్నాం. స్క్రీను ఆపేశాను. వెలుతురుంటే ధ్యాస చెదురుతుంది.

పది నుంచి పదకొండు దాకా. వాడు చెయ్యెత్తి, వాచీ చూసి రాసుకుంటాడు. వెంటనే నేనూ తలాడించి రాసుకుంటాను. ఒకసారి నేను ముందు తలాడించాను, వాడు తడబడి రాసుకున్నాడు.

"పది పన్నెండుది రాశారా బావా?"

"పది పదమూడు. నీ వాచీ వెనకుంది."

"అవునవును. మధ్యలో చిన్నదొకటి వచ్చింది, అది?"

"అది లెక్కలోకి రాదు. దాని ప్రతిధ్వని."

వాడి కాగితంలో పదకొండు. నా కాగితంలో పదకొండు. ఇంత చక్కగా కలిసిన పరిశీలన మిల్లులో కూడా ఎప్పుడూ జరగలేదు.

మార్చి 11, మంగళవారం

ఒకటి రాయాలి. రాయకుండా ఉంటే బాగుండు.

నిన్న మధ్యాహ్నం ఆవిడ వచ్చి కంప్యూటర్ పెట్టబోతే రాలేదు. నేను వంగి చూశాను. ప్లగ్గు నేల మీద ఉంది.

పీకింది నేనే. మిషను మీద చెయ్యి వేసేముందు ప్లగ్గు తియ్యాలి అన్నది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. పరిశీలనకి కూర్చునేముందు చెయ్యి దానంతట అదే వెళ్లి తీసేసింది. ముందున్న చిన్న దీపం ఎప్పుడో మాడిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. అంటే నేనూ, నా బావమరిదీ గంటసేపు కూర్చుని, చచ్చిన మిషనులో పదకొండు చప్పుళ్లు విన్నాం. టైములతో సహా.

ప్లగ్గు పెట్టేసి, "తీగ కదిలింది" అన్నాను.

రాత్రి పడుకుని లెక్క కట్టాను. వాడి చెవులు నిక్షేపంలాంటివి. పక్క గదిలో ఫోను మోగకముందే లేస్తాడు. అంటే వాడు అబద్ధమాడాడు. వాడు అబద్ధమాడితే వాళ్లక్కా ఆడినట్టే. అసలు చప్పుడే లేదు. సోమవారం లేదు, గురువారం లేదు, ఎప్పుడూ లేదు. నా చెవులకి పరీక్ష పెట్టారన్నమాట! నాకు! నా ఇంట్లో!

కోపంతో లేచి కూర్చుని తిడదామనుకున్నాను. కానీ ఎలా తిట్టను? "లేని చప్పుడు ఉందన్నారేం" అని నిలదీస్తే, "మీరు ఎలా విన్నారు" అంటారు. తేలు కుట్టిన దొంగ అంటే ఎవరో ఇన్నాళ్లకి తెలిసింది.

మార్చి 12, బుధవారం

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

పొద్దున్నే ముఖం సీరియస్‌గా పెట్టి, "చప్పుడు ముదిరింది. ఇక లాభం లేదు. మొత్తం విప్పి, ముక్క ముక్క కిరోసిన్‌లో కడగాలి" అన్నాను.

"కిరోసిన్‌లోనా!"

"మిల్లులో అన్నీ అలాగే కడిగేవాళ్లం."

"ఏమండీ, ఇవాళ తగ్గినట్టుంది. నాకైతే అసలు వినిపించడమే లేదు."

"అదే ప్రమాదం. ఆగి ఆగి వచ్చే చప్పుడే మిషన్ని మింగుతుంది."

ఆవిడ ముఖం చూడాలి! పరీక్ష పెట్టినవాళ్లు పరీక్ష రాస్తే ఎలా ఉంటుందో తెలియాలి కదా. బకెట్టు కూడా తెచ్చి ముందు గదిలో పెట్టాను. ఖాళీదే.

మార్చి 13, గురువారం

ఆవిడ టైపు చేస్తుంటే వెనక నిలబడి, ప్రతి అయిదు నిమిషాలకీ "ఆఁ... మళ్లీ" అంటున్నాను. ఇవాళ్టికి ఇరవైసార్లు అన్నాను. బావమరిది వచ్చి, బకెట్టు చూసి, గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు. చాలా కాలం తర్వాత రోజు బాగా గడిచింది.

మార్చి 14, శుక్రవారం

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

పొద్దున నేను పానా పట్టుకుని డబ్బా పక్క రేకు తీశాను. ఆవిడ వెళ్లి, స్టూలెక్కి, గోడకున్న పొడుగు స్క్రూడ్రైవర్ దించి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముందు ఇది పెట్టి వినండి. ఇందులో కూడా చప్పుడు ఉందంటే, కిరోసినే పోస్తారో, యాసిడే పోస్తారో మీ ఇష్టం" అంది. అని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. తప్పించుకునే దారి లేదు.

స్క్రూడ్రైవర్ సంగతి రాస్తానన్నాను కదా. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. రిటైరవడానికి నెల ముందు, ఒక కొత్త మేనేజరు పక్కనుండగా, నడుస్తూ నడుస్తూ పన్నెండో నంబరు మిషను బాగుందని చెప్పాను. స్క్రూడ్రైవర్ తియ్యలేదు. డాక్టరు కదా, నాడి పట్టుకోకుండానే చెప్పాలనిపించింది. మూడో రోజు బేరింగు పట్టేసి షాఫ్టు విరిగింది. అందరూ బేరింగు తయారుచేసినవాణ్ణి తిట్టారు. అందరికంటే గట్టిగా నేను తిట్టాను. ఆ రోజు స్క్రూడ్రైవర్ ఇంటికి తెచ్చి గోడకి తగిలించాను. మళ్లీ ముట్టుకోలేదు. ఉత్తి చెవికి వినపడకపోతే గాలిని తిట్టొచ్చు, సూదుల్ని తిట్టొచ్చు, టీవీని తిట్టొచ్చు. స్క్రూడ్రైవర్‌లో కూడా వినపడకపోతే ఎవర్ని తిట్టాలి?

ఇవాళ పెట్టక తప్పలేదు. మొన ఫ్యాను మీద ఆనించి, పిడి చెవి వెనక నొక్కాను.

గుయ్‌మంది.

విన్నాను. నిజంగా విన్నాను. రెండేళ్ల తర్వాత ఒక మిషను నాతో మాట్లాడింది. నవ్వొచ్చేసింది. ఆ ఉత్సాహంలో మొనని కిందకి జరిపి హార్డ్ డిస్కు మీద పెట్టాను.

టొక్. టొక్. గర్ర్. మళ్లీ టొక్.

నవ్వు ఆగిపోయింది. ఏ మిషనైనా సరే, లోపల ఏదో వెళ్లి కొట్టుకుని వెనక్కి వస్తోందంటే దానికి నూకలు చెల్లినట్టే. మళ్లీ పెట్టాను. అదే. మూడోసారీ అదే.

"డిస్కు పోతోంది" అన్నాను. "నీ పుస్తకం అందులోనే కదా ఉంది? వెంటనే వేరేదాంట్లోకి ఎక్కించు. ఇప్పుడే!"

"కీచా, టకా?" అంది ఆవిడ.

"నిజం చెబుతున్నా."

"పన్నెండు రోజుల్నించీ నిజమే చెబుతున్నారుగా. చాల్లెండి, ఇంక ఆపండి. నాకు చాలా పనుంది." మణికట్టుకి కట్టుకున్న చిన్న సూదిదిండులోంచి నాలుగు సూదులు పీకి పెదాల మధ్య పెట్టుకుని, గుడ్డ తీసుకుని, అటు తిరిగింది. తిరిగి ఇంకేదో అంది. అదేమిటో నాకు తెలియదు.

ఆ డిస్కులో మూడేళ్ల పని. నేను ఎన్నిసార్లు నిజమన్నా ఆవిడ నమ్మదు. నమ్మాలంటే ముందు నా అబద్ధం విప్పాలి. వేరే మార్గం ఉందేమోనని ఒక నిమిషం వెతికాను. సిగ్గు లేకుండా వెతికాను. ఆ నిమిషంలో డిస్కు ఎన్నిసార్లు కొట్టుకుందో దేవుడికే తెలియాలి.

"నాకు ఇన్నాళ్లూ ఏ చప్పుడూ వినిపించలేదు" అన్నాను ఆవిడ వీపుతో. "చప్పుడొక్కటే కాదు. టీవీ వినపడదు. కాలింగ్ బెల్లు వినపడదు. నువ్వు ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. నువ్వు అటు తిరిగితే ఏమంటావో నాకు తెలియదు. ఇప్పుడు ఏమన్నావో కూడా తెలియదు. రెండేళ్ల పైనే అయింది. నేను చెవిటివాణ్ణి. కానీ ఇది మాత్రం విన్నాను. ఒట్టు."

ఆవిడ చేతిలో గుడ్డ కింద పెట్టింది. వెనక నుంచి మనిషి ఏమనుకుంటోందో చదవడం నాకు చేతకాదు. ఇటు తిరిగింది. పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఆ తర్వాతే మాట్లాడింది.

"చప్పుడు లేదండీ. నేనే కల్పించాను."

"తెలుసు."

"ఎలా?"

"ప్లగ్గు లేకుండా మీ తమ్ముడు పదకొండు విన్నాడు."

ఆవిడకి నవ్వూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడుంది."

ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నా మాట అంత నమ్మకంగా తీసుకున్నది పెళ్లయ్యాక అదే మొదటిసారి అనుకుంటాను. ఆవిడ పెన్‌డ్రైవులో మొదటి నాలుగు అధ్యాయాలే ఉన్నాయి. ఫోను చేస్తే బావమరిది స్టూడియో తలుపు కూడా మూయకుండా, పెళ్లి ఫోటోలు దాచే పెద్ద డిస్కు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ మౌసు పట్టుకుంది. నేను స్క్రూడ్రైవర్ పెట్టుకుని డిస్కు మీద చెవి వేసి, "ఆగింది... మళ్లీ తిరుగుతోంది... ఊఁ, కానీ" అని చెబుతూ కూర్చున్నాను. నూట పదిహేడో నమూనా దగ్గర ఏడు నిమిషాలు బిగుసుకుపోయింది. ఏడు నిమిషాలూ నేను పిడి చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. మళ్లీ కదిలింది.

నూట ముప్ఫై ఎనిమిది వచ్చాయి. చివరి రెండూ ఎక్కకముందే డిస్కు ఒకసారి గర్రుమని ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

"రెండే కదా. అవి నా చేతుల్లో ఉన్నాయి, మళ్లీ గీస్తాను" అంది ఆవిడ.

తర్వాత ముగ్గురం టీ తాగాం. బావమరిది వెళ్లిపోయాక ఆవిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు కనపడేలా, నెమ్మదిగా చెప్పింది. "ఇంటికి ఎవరైనా వస్తే నేను పక్కనుంచి మీకు మాత్రమే వినపడేలా ఏదో ఒకటి అనేదాన్ని, గుర్తుందా? మీరు నవ్వు ఆపుకోలేక లేచి వెళ్లిపోయేవాళ్లు. రెండేళ్లుగా ఎంత మంచి మాట అన్నా మీరు నవ్వలేదు. నా మాటంటే విసుగొచ్చిందనుకున్నాను. అందుకే మానేశాను. మొన్న డిసెంబరులో, టీవీ సౌండు పూర్తిగా కట్టేసి ఉంటే మీరు వార్తలు చూస్తూ తల ఆడించారు. అప్పుడు తెలిసింది."

ఇల్లు ప్రశాంతంగా ఉంది అని ఇదే పుస్తకంలో రాశాను. వెనక్కి తిప్పి చూసుకున్నాను. చాలా బాధేసింది.

మార్చి 15, శనివారం

కంప్యూటర్ షాపు నడిపే అమ్మాయి డిస్కు చూసి, పూర్తిగా పోయిందని తేల్చింది. "అందరూ పోయాక ఏడ్చుకుంటూ వస్తారు. మీరు ముందే ఎలా కనిపెట్టారండీ?" అని అడిగింది.

"మా బావ చెవి అలాంటిది" అన్నాడు బావమరిది, ముఖంలో ఏమాత్రం తేడా లేకుండా.

నేను వాడి కాలు తొక్కాను.

మార్చి 17, సోమవారం

మిషను: నేను.
ఫిర్యాదు: ఇంట్లోవాళ్లది.
కారణం: మిల్లు, వయసు, పొగరు.

టేబుల్ కాలి కింది కార్డు తీసి, మడతలు విప్పి, ఆ చెవి డాక్టరు దగ్గరికే వెళ్లాం. టేబుల్ మళ్లీ ఊగుతోంది.

ఆయన నన్ను ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నొక్కాను. బయటికొచ్చాక ఆయన కాగితం వంకా నా వంకా చూశాడు. "ఒక విషయం అడగొచ్చా? నేను చప్పుడు పంపనప్పుడు కూడా మీరు ఆరుసార్లు నొక్కారు."

ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. దిగులు కాదని ఈసారి నాకు తెలుసు.

సన్నని చప్పుళ్లు మిల్లులోనే వదిలేసి వచ్చానట. బరువైన చప్పుళ్లు మిగిలున్నాయట. ఎముకకి ఆనిస్తే అవి బాగా తెలుస్తాయట. స్క్రూడ్రైవర్ చేసిన పని అదేనన్నాడు. చెవికి పెట్టుకునే మిషను రాసిచ్చాడు.

మార్చి 25, మంగళవారం

చెవి మిషను వచ్చింది. చిక్కుడుగింజంత కూడా లేదు. పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చేసరికి తల తిరిగింది. చెప్పులు చప్పుడు చేస్తాయి. పేపరు తిప్పితే చప్పుడు. మా ఇంట్లో గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని ఎవరూ చెప్పలేదు. ఆవిడ కత్తెర గుడ్డలో దూసుకుపోయే కరకర విని కాసేపు కదలకుండా నిలబడిపోయాను. ఆ చప్పుడు నాకు పెళ్లైన కొత్తల్లో తెలుసు.

ఆవిడ గొంతు కొంచెం మారింది. లేదా నేనే మరిచిపోయాను.

మార్చి 27, గురువారం

ఆవిడ పుస్తకం అచ్చుకి ఇచ్చేసి వచ్చింది. నూట నలభై.

"ఇంట్లో ఉన్నప్పుడు మిషను తీసేస్తున్నా, చెవి నొప్పెడుతోంది" అని పొద్దున చెప్పాను. తియ్యలేదు. జుట్టు కింద కనపడదు.

ఎందుకంటే నిన్న ఒకటి కనిపెట్టాను. నేను వినడం లేదనుకున్నప్పుడే ఆవిడ అసలు మాటలు మాట్లాడుతుంది. ఆ రెండేళ్లూ నాకు అందకుండా పోయిన మాటల్లాంటివే ఇప్పుడు పేపరు అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటీ పట్టుకుంటున్నాను. ఇవాళ్టివి:

ఉదయం, నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నప్పుడు: "ముప్ఫై ఏళ్లు దర్జీదాని పక్కన బతికినా లోపలేదో, బయటేదో తెలియదు మహానుభావుడికి."

మధ్యాహ్నం, ఎదురింటాయన వచ్చి వెళ్లాక: "మనిషొస్తే మంచినీళ్లిస్తాం, ఈయనొస్తే ఓపికివ్వాలి."

దీనికి నేను బాత్‌రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి నవ్వాల్సి వచ్చింది.

మార్చి 28, శుక్రవారం

సాయంత్రం. నేను పేపరు చదువుతున్నాను. ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చుని గుడ్డకి సూదులు పెడుతోంది. నోట్లో అరడజను సూదులు. గొంతు పెంచలేదు, వెనక్కి తిరగలేదు.

"ఏమండీ, ఆ పుస్తకం పట్టకార్ల కింద పెట్టకండి. అట్టకి నూనె అంటుకుంటోంది."

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటే దొరికిపోతాను. కదల్లేదు. పేపరు తిప్పాను. చెవులు రెండూ వేడెక్కాయి.

"మీకు వినిపించడం లేదా?" అంది, అంతే నెమ్మదిగా.

నేను గట్టిగా పళ్లు బిగించి వాతావరణ వార్త చదివాను. చదివిందే మూడుసార్లు చదివాను. ఎంత బిగపట్టినా పేపరు వణికింది. ఆవిడ తిరిగి చూడలేదు గానీ, ఆవిడ భుజాలూ కదిలాయి.

ఇందాక ఇది దాచడానికి పెట్టె తెరిచాను. పట్టకార్లన్నీ ఒక పక్కకి సర్ది ఉన్నాయి. పుస్తకం పెట్టే చోట, సరిగ్గా దాని కొలతకి కత్తిరించి, నాలుగు అంచులూ కుట్టిన గుడ్డముక్క ఒకటి పరిచి ఉంది.